కిరాయి ఇటలీ

పొద్దు పొడవకముందే ఒచ్చిండ్రు
కొల్లాపూర్ తొవ్వల మామిడితోటలు దాటుకుంట
సోమశిల రేవు కాడికి
రెండు కార్లు, ఏడుగురు మనుషులు,
సంచిల కుక్కిన తెల్లమబ్బు తీరు ఒక గౌను.
"పడవ మొత్తం మాకే గావాలె మద్దిలేటన్నా,
వేరేటోళ్లను ఎక్కియ్యొద్దు."
గంటకు పదిహేనొందలన్న.
పన్నెండొందలకు తెగింది.

ఫోటోలు తీసే గౌసు ఫోను తెరిచి చూపిచ్చిండు.
ఇటలీ దేశంల ఒక సరస్సు అట,
గుట్టల నడుమ నీలిమందు కలిపినట్టు నీళ్లు,
నున్నటి కట్టె పడవ, అండ్ల ఇద్దరే ఇద్దరు.
నడిపెటోడు యాడ కూసున్నడో కనబడలే.
"గిట్లనే రావాలె అన్నా.
నువ్వు మాత్రం జర వంగి కూసో."

సరే అన్న.
వల గుంజినా వంగుడే
ఇంజను తాడు గుంజినా వంగుడే,
నా ఈపుకు ఇది కొత్తనా?

వంగి కూసునే అడిగిన:
ఆ సరస్సుకు గేట్లుంటయా?
ఎండకాలమొస్తె అడుగులు లెక్కవెడ్తరా,
ఎనిమిదొందల ఎనభై ఐదు నిండిందని
పేపర్ల ఏస్తరా?
ఆ ఒడ్డుకొక సర్కారు, ఈ ఒడ్డుకొక సర్కారు ఉండి
నడిమిట్ల దొరికిన చేప ఎవలదని కొట్లాడుకుంటరా?

గౌసు నవ్విండు.
"నాకేం ఎరుక అన్నా, నేను గూడ ఫోటోల్నే సూసిన.
మాది వనపర్తి."

పొద్దు నల్లమల మీదికి ఎక్కెటాళ్లకు
నీళ్లు రాగి చెంబు తోమినట్టయినయి.
"ఆపు ఆపు, లైటు మస్తుంది!"
ఇంజను ఆపి లంగరు ఇడిసిన.
తాడు నాలుగు బారలు జారి నిలవడ్డది.
ఆడ ఏమున్నదో నాకు ఎరుకే.
మా నాయిన జొన్నచేను గట్టు,
గట్టు పక్కన మోటబాయి రాళ్లు.
చెప్పుదామంటె
గులాబి రంగు పొగడబ్బ ముట్టిచ్చిండ్రు,
ఆ దగ్గుల నడుమ ఎవలింటరు?
ఇటలీ కింద మా జొన్నచేను.
ఉండనీ.

"దగ్గరికి జరుగుండ్రి. నవ్వుండ్రి.
ఆమె కండ్లల్లకు చూడు బ్రో.
ఇంకోసారి."
లాస్య నాగర్‌కర్నూల్ పిల్ల,
ప్రణీత్‌ది అచ్చంపేటల బ్యాంకు కొలువు,
సంబంధం కుదిరి పదకొండు రోజులట.
ఇంకోసారి, ఇంకోసారి అనంగ అనంగ
నవ్వు ఎండుచేప లెక్క బిర్రుగయింది ఇద్దరికి.

గప్పుడొచ్చింది సర్కారు లాంచి
బుస్సుమనుకుంట, వెనక అల నీడ్సుకుంట.
పడవ ఒక్క పక్కకు ఒరిగింది.
పిలగానికి నీళ్లంటె భయమని
గప్పటిదాంక ఎవలికీ తెల్వదు.
ఏది దొరికితె అది పట్టిండు,
దొరికింది పిల్ల జడ.
"అబ్బా!" అని మళ్లి సూసింది,
సున్నమేసినట్టున్న వాని మొఖం సూసి
కడుపు పట్టుకొని నవ్వింది.
వాడూ నవ్విండు, జడ ఇడువకుంటనే,
కోరపండ్లు గూడ కనబడంగ.

గౌసు ఆ గడియల కార్డు మారుస్తుండు.
నేనొక్కన్నే సూసిన,
వంగి కూసున్నోన్ని.

గౌను మోకాళ్ల దాంక తడిసి బురదయింది.
పిల్ల మొఖం చిన్నగయింది,
"ఎనిమిది వేల అడ్వాన్సు అన్నా, మరకవడితె ఇయ్యరు."
ఒడ్డుకు మలిపిన.

మా ఈదమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి
"ఇది గుడ్డనా దోమతెరనా" అన్నది.
మంచినీళ్లల్ల జాడిచ్చి
వలలారేసే వెదురు మీద పరిచింది.
అది ఆరెదాంక
పెండ్లిపిల్ల మా ఈదమ్మ పూల నైటీ తొడుక్కోని
బండ మీద కూసోని
వేడివేడి చేపముక్కలు ఊదుకుంట తిన్నది.
ముల్లు తీసి ఇచ్చుడు పిలగాని పని.
ఎవలూ నవ్వుమనలే.

గాలి తగిలి గౌను ఉబ్బింది
నల్ల వలల నడుమ, మొప్పలాడిచ్చినట్టు.
పక్క పడవల నుంచి కుర్మయ్య కేకేసిండు:
"ఓ మద్దిలేటీ! ఏం చేపరా అది, గింత తెల్లగుంది,
కిలో ఎట్లిస్తవ్?"

"కిరాయిదిరా" అన్న.
"పొద్దుగూకితె వాపసు ఇయ్యాలె."